తువ్వాలు రెండో కొస

మొన్న ఆదివారం హార్స్లీ హిల్స్‌లో ఒక కోతి నా చేతిలోంచి ఉడకబెట్టిన వేరుశెనగకాయల సంచి లాక్కుపోయింది. చిన్న ప్లాస్టిక్ సంచి, దాని పిడి నా చూపుడు వేలికి చుట్టుకుని ఉంది. కోతి పిట్టగోడ మీద కూర్చుని, మాతో తనకేం పని లేనట్టు ఎటో చూస్తోంది. కళ్లు మూసి తెరిచేలోపు సంచి దాని చేతిలో ఉంది, నా వేలి మీద ఎర్రటి గీత ఉంది. కాయల వేడి వాసన మాత్రం ఇంకా నా ముక్కు దగ్గరే ఉండిపోయింది. పక్కనున్న మా అమ్మాయి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా ప్రమేయం లేకుండానే నా నోట్లోంచి ఒక స్పానిష్ మాట వచ్చింది. "అర్రెబతో" అన్నాను. "కోతిని తిట్టావా అమ్మా?" అంది మా అమ్మాయి. "లేదు, లాక్కుంది అన్నాను, అంతే" అని వేలు నోట్లో పెట్టుకున్నాను. ఆ మంట ఎలాంటిదో నాకు పాఠంగా చెప్పిన మనిషి ఒకాయన ఉండేవారు. ఆయనను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా గొప్ప చెప్పుకోవడానికేమీ కాదు. అది మీకే తెలుస్తుంది.

ఆయన పేరు మునెప్ప. మేమంతా మునెప్ప సార్ అనేవాళ్లం. సొంతూరు కుప్పం పక్కన పల్లె. పదిహేడో ఏట ఇంట్లో అలిగి మద్రాసు వెళ్లి, ఓడ ఎక్కి, వంటగదిలో పాత్రలు కడిగి, చివరకు స్పెయిన్‌లో ఒక రేవు పట్టణంలో చేపల కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నారట. పదహారేళ్లు అక్కడే ఉన్నారు. అక్కడ ఏం చూశారు సార్ అని ఎవరైనా అడిగితే "సముద్రం, సలి" అనేవారు. అంతకు మించి మాట సాగేది కాదు. తిరిగి వచ్చి మదనపల్లెలో బెంగుళూరు రోడ్డు పక్క సందులో, ఒక మేడ మెట్ల కింద గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. గుమ్మం మీద బోర్డు: ఇంగ్లీషు, తమిళం, కన్నడం, స్పానిష్ భాషలలో ధ్రువీకరించిన అనువాదాలు చేయబడును. ఆ నాలుగో భాష చూసి సందులో పోయేవాళ్లు నవ్వుకునేవాళ్లు. కానీ పని ఉండేది. కుప్పం వైపు గ్రానైటు రాయి ఓడలెక్కి ఆ దేశాలకు పోతున్న రోజులవి. రాయి పోతే ఉత్తరాలు వచ్చేవి. మనిషి పొట్టి, నలుపు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, దాని మీద ఎర్రంచు తెల్ల తువ్వాలు. ఓడ దిగినాను గానీ తువ్వాలు దించలేదు అని ఆయనే చెప్పుకుని ఆయనే నవ్వేవారు.

నా పేరు సుగుణ, మాది పుంగనూరు. నాన్నకు అక్కడ బట్టల కొట్టు ఉండేది. తొంభైల మధ్యలో, బి.ఏ. పూర్తయ్యాక, ఇంట్లో ఊరికే ఉండలేక రోజూ బస్సెక్కి మదనపల్లె వచ్చి ఆయన దగ్గర టైపు నేర్చుకునేదాన్ని. ఒకరోజు నా మిషను పక్కన ఒక స్పానిష్ ఉత్తరం పడి ఉంటే, తలకిందుల ప్రశ్నార్థకాలు చూసి అచ్చుతప్పులనుకుని సార్‌కు చూపించాను. ఆ భాషలో ప్రశ్న మొదలయ్యేదే అలా అని చెబుతూ ఆయనకు నవ్వాగలేదు. "నేర్సుకుంటావా అమ్మణ్ణీ?" అన్నారు. "నాకెందుకు సార్?" అన్నాను. "అదే మంచిది. ఎందుకో తెలిసి నేర్సుకునేవాండ్లు పరీక్ష రాసి మర్సిపోతారు. కూర్చో" అన్నారు. మూడేళ్లు అలా కూర్చున్నాను. ఆయన పాఠం పుస్తకంలో ఉండేది కాదు. వచ్చిన ఉత్తరమే పాఠం. ఆ రాసిన మనిషి కోపంగా ఉన్నాడా, భయపడుతున్నాడా, బొంకుతున్నాడా, అది ముందు చెప్పాలి. ఆ తర్వాతే నిఘంటువు ముట్టుకోవాలి.

తువ్వాలు పాఠం రెండో ఏడాది మొదట్లో జరిగింది. ఒక వార్తాపత్రిక ముక్క ఇచ్చి ఇంగ్లీషులోకి మార్చమన్నారు. బజారులో ఎవడో ఒక ముసలావిడ చేతిసంచి ఎత్తుకుపోయిన సంగతి. కోతిని చూసి నా నోట్లోంచి వచ్చిన మాటకు మూలమైన క్రియ అందులో ఉంది, అర్రెబతార్. నిఘంటువు తీస్తే దానికి ఎదురుగా ఇంగ్లీషు మాటలు బారుగా ఉన్నాయి. నేను అన్నింటికన్నా చిన్నదాన్ని, మర్యాదగా కనిపించేదాన్ని ఏరుకుని, దొంగ ఆమె సంచి 'టుక్', అంటే తీసుకున్నాడు, అని రాశాను. సార్ చదివి, కాగితం పక్కన పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి ఒక కొస నా చేతికిచ్చారు. "పట్టుకో." పట్టుకున్నాను. ఆయన రెండో కొస పట్టుకుని నెమ్మదిగా తన వైపుకు జరుపుకున్నారు. నేను వదిలాను. "ఏమి జరిగింది?" "మీరు తీసుకున్నారు సార్." మళ్లీ ఇచ్చారు. ఈసారి తన అరచెయ్యి చాపి ఊరుకున్నారు. నేనే పెట్టాను. "ఇప్పుడు?" "నేనిచ్చాను." మళ్లీ కొస నా చేతికిచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈరోజు బస్సు లేటయినట్టుండాదే" అన్నారు. నేను సమాధానం చెప్పబోయేలోపు తువ్వాలు నా వేళ్ల మధ్య నుంచి జర్రున పోయింది. అబ్బా అన్నాను.

"ఏమైంది?" అన్నారు. "లాగేసుకున్నారు" అన్నాను, కోపంగానే. "సేతికి ఏమైంది, అది సెప్పు." "మంట పుడుతోంది." ఆయన తువ్వాలు మళ్లీ భుజం మీద వేసుకున్నారు. "ఆ మంట ఇంగ్లీషులోకి పోవాల అమ్మణ్ణీ. వస్తువు ఒకరి సేతిలోనుంచి ఇంకొకరి సేతికి పోయింది అంటే సాలదు. ఎట్ల పోయిందో ఆ పోయిన సెయ్యిని అడగాల. సదివేటోనికి మంట తెలీకపోతే నువ్వు రాసినా రాయనట్టే." ఆ రోజు 'టుక్' కొట్టేసి 'స్నాచ్' అని దిద్దుకున్నాను. అప్పటినుంచి ఏ ఉత్తరంలో ఏ వస్తువు చేతులు మారినా, మేమిద్దరం తువ్వాలు పట్టుకుని లాగి చూసి మరీ మాట రాసేవాళ్లం. టైపు నేర్చుకునే పిల్లలు మమ్మల్ని చూసి, సారుకు కొంచెం తిక్క, సుగుణక్కకు కూడా అంటుకుంది అని చెప్పుకునేవాళ్లు. నాకు అది పొగడ్తలాగే ఉండేది.

ఆయన పట్టుదల ఎంతటిదో ఒక్క సంగతి చెబితే చాలు. కుప్పం నుంచి ఒక గ్రానైటు వ్యాపారి వచ్చాడు. స్పెయిన్‌లో కొన్నవాడు ఉత్తరం రాశాడు, పగుళ్లున్న రాళ్లు పంపి మోసం చేశావని. ఆ ఉత్తరం ఇంగ్లీషులో తన భాగస్వామికి చూపించాలి. "కొంచిం మెత్తగా రాయి సార్. 'మోసం' అనేది తీసేసి 'పొరపాటు' అని పెట్టు. నీకేం పోతాది?" అన్నాడు వ్యాపారి. సార్ ఉత్తరం మడిచి అతని చేతిలోనే పెట్టారు. "నాకు వచ్చిన ఉత్తరంలో ఆ మాట లేదప్పా. లేని మాట నా మిషన్లో యాడుండాది?" అన్నారు. ఆ వ్యాపారి మళ్లీ రాలేదు. వెళ్తూ వెళ్తూ సందులో నిలబడి ఏదో తిట్టాడు కూడా. సార్ రాగిసంగటి డబ్బా తీసుకుని తాపీగా భోజనానికి కూర్చున్నారు. నేను మాత్రం ఆ సాయంత్రం బస్సులో ఎవరూ అడక్కపోయినా పక్కనున్న ఆవిడకు ఈ కథంతా చెప్పాను, మా సార్ అంటే ఏమనుకున్నారు అన్నట్టుగా.

ఇక మా మామ సంగతి చెప్పాలి. అమ్మ పెద్దన్న, పేరు చెంగప్ప. వెంకటగిరికోట నుంచి కుప్పం పోయే దారిలో ఒక పల్లెలో ఆయనకు భూములుండేవి. మామ ఊళ్లో పెద్దమనిషి. మాట గట్టి, నవ్వు ఇంకా గట్టి. ఇంటర్ అయ్యాక నాన్న నా చదువు మానిపిద్దామంటే, మామ పుంగనూరు వచ్చి మా కొట్టు ముందే నిలబడి, "పాప సదువుతాది బావా. నువ్వు వద్దంటే నేను మా ఊరికి తీస్కపోయి సదివిస్తా" అన్నాడు. నాన్న ఒప్పుకోక తప్పలేదు. నేను బి.ఏ. చదివింది మామ మాట వల్లే. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని కుప్పం సంతకు పోయేదాన్ని. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే నా తప్పును చిన్నది చేసుకోవడానికి కాదు. మామ చెడ్డవాడని నాకు ఎప్పుడూ అనిపించలేదు. అదే నా ఇబ్బంది.

ఆ పల్లెలోనే ఒక స్పానిష్ నర్సు చిన్న ఆసుపత్రి నడిపేది. ఇసబెల్ ఆమె పేరు, ఊళ్లో అందరికీ ఇసబెలమ్మ. తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేది, ఇంగ్లీషు అంతకన్నా తక్కువ. ఆమె రాతపనంతా మునెప్ప సార్ దగ్గరికే వచ్చేది. ఒక ఏడాది ఎండాకాలంలో, ఇసబెలమ్మ వాళ్లమ్మకు జబ్బుచేసిందని హడావిడిగా స్పెయిన్ వెళ్లిపోయింది. వెళ్లే ముందు ఒక వాంగ్మూలం స్పానిష్‌లో రాసి, సంతకం పెట్టి, ముత్తమ్మ అనే ఆవిడ చేతికిచ్చింది. ఆ కాగితం పట్టుకుని ముత్తమ్మ కుప్పం నుంచి రెండు బస్సులు మారి మా గదికి వచ్చింది. భర్త పోయిన మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయేమో. కుడి బొటనవేలికి పసుపు రాసిన గుడ్డ చుట్టుకుని ఉంది.

ఆమె చెప్పిన సంగతి ఇది. భర్త పేరు మీద వాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన భూమి రెండెకరాలుంది. ఆయన పోయాక పట్టా పాసుపుస్తకం ఆమె చేతికొచ్చింది. ఆ పొలం ఒక పెద్ద రైతు పొలానికీ రోడ్డుకూ మధ్యలో ఉంది. ఒకరోజు ఆమె పుస్తకం ఇసబెలమ్మకు చూపిద్దామని ఆసుపత్రికి తీసుకుపోతే, ఆ రైతు గుమ్మం దగ్గరే ఎదురై, చేతిలోంచి పుస్తకం లాగేసుకున్నాడు. తర్వాత పొలం దున్నించాడు. అడిగితే, నేను సేద్యం చెయ్యలేను నువ్వే చేసుకో అని తనే పుస్తకం ఇచ్చిందని ఊరంతా చెప్పాడు. ఆయన మాటకు ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పరు. కళ్లారా చూసి చెప్పగలిగింది ఇసబెలమ్మ ఒక్కతే. కుప్పంలో విచారణ ఉంది. పుస్తకం ఆమె ఇష్టపడి ఇచ్చిందా, బలవంతంగా పోయిందా, అక్కడ తేలాల్సింది అదొక్కటే. వాంగ్మూలానికి ఇంగ్లీషు అనువాదం జతచేసి ఇవ్వాలి.

"ఆయప్ప పేరేమమ్మా?" అని అడిగారు సార్. "చెంగప్ప" అంది ముత్తమ్మ, ఊరి పేరు కూడా చెప్పింది. నేను తల వంచుకుని టైపు మిషను రిబ్బను సరిచేస్తున్నట్టు నటించాను. ఆయన మా మామ అని ఆ క్షణంలోనే చెప్పి ఉండాల్సింది. చెప్పి ఉంటే సార్ ఆ పని నాకిచ్చేవారు కాదు. నేను చెప్పలేదు.

సార్ కళ్లకు అప్పటికే శుక్లాలు ముదిరి అక్షరాలు కనిపించడం లేదు. మరో నాలుగు రోజుల్లో ఆపరేషన్. వాంగ్మూలం నన్నే గట్టిగా చదవమన్నారు. చదివాను. ఆ క్రియ వచ్చేసరికి నా గొంతు తగ్గింది. సార్ వినిపించుకున్నారు. అలవాటు ప్రకారం తువ్వాలు తీసి, ఒక కొస నాకిచ్చి, రెండో కొస ముత్తమ్మకిచ్చారు. "ఎట్ల జరిగిందో ఈ పాపకు సూపించమ్మా. నువ్వు చెంగప్ప, ఈ పాప నువ్వు." ముత్తమ్మ సిగ్గుపడింది. "వద్దులే సామీ, సిన్నపాప" అంది. సార్ ఊరుకోలేదు. ఆమె ఎడమచేత్తో కొస పట్టుకుని, ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, లాగింది. తువ్వాలుతో పాటు నేను కూడా ముందుకు తూలాను. వేళ్ల మధ్య భగ్గుమంది. "అట్ల లాగినాడు సామీ. నేను వదల్లేదు. ఏలు మడతపడింది" అంది ముత్తమ్మ, పసుపు గుడ్డ చూపించి. "తెలిసిందా అమ్మణ్ణీ?" అన్నారు సార్. "తెలిసింది సార్" అన్నాను. నిజంగానే తెలిసింది. ఈ లోకంలో ఎవరికీ తెలియనంత బాగా తెలిసింది.

రెండు రోజులకు మామ పుంగనూరు వచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. మామ నావైపు చూడకుండా గ్లాసులోకి చూస్తూ మాట్లాడాడు. "ఆ నర్సమ్మ కాగితం మీ సారు దెగ్గిరికి వచ్చిండాదంట. నువ్వు నాకోసరం ఏమీ చెయ్యొద్దు పాపా. ఉన్నదున్నట్టే రాయి. పుస్తకం నేను తీసుకోలేదని నేనంటాండానా? తీసుకున్నా. తీసుకున్నాడని రాయి. దాంట్లో అబద్ధమేముండాది?" నా బదులు అమ్మే, "అది రాస్తాది లేన్నా" అంది. మామ లేచి, చిన్నప్పటిలాగే నా తల మీద చెయ్యి వేసి వెళ్లాడు. నేను చెయ్యాల్సిన అనువాదం ఆయనే చేసి ఇచ్చిపోయాడు. ఆ రోజు నాకు అలా అనిపించలేదు. నిఘంటువులో ఆ మాట కూడా ఉంది కదా, మొదటిసారి నేను రాసింది కూడా అదే కదా అనుకున్నాను. మనసు ఇలాంటివి ఎంత చప్పున వెతికి పెడుతుందో.

సార్ ఆపరేషన్ అయ్యి కంటికి కట్టుతో ఇంట్లో ఉండగా, నేను గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఆ వాంగ్మూలం టైపు చేశాను. ఇసబెలమ్మ రాసింది ఇలా ఉంది: 'నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అతను ఆమె చేతుల్లోంచి పుస్తకం లాక్కున్నాడు. ఆమె అరుస్తూ రోడ్డుదాకా అతని వెంట పరుగెత్తింది.' నేను ఇంగ్లీషులో కొట్టింది ఇలా ఉంది: 'నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అతను ఆమె వద్ద నుంచి పుస్తకం తీసుకున్నాడు. ఆమె రోడ్డువరకు అతని వెంట వెళ్లింది.' అరవడం నా వేళ్ల కింద ఎక్కడో పోయింది. తర్వాత ఆ కాగితం సార్ ఇంటికి తీసుకెళ్లాను. మంచం మీద కూర్చుని, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో తడుముకుంటూ, ఆయన ఒక్క మాట అడిగారు. "మంట పోయిందా అమ్మణ్ణీ ఇంగ్లీషులోకి?" "పోయింది సార్" అన్నాను. ఆయన తన పేరు రాశారు. కట్టుకట్టిన కంటితో సంతకం కాస్త పక్కకు ఒరిగింది. ఇది నిజమైన, పూర్తి అనువాదమని ధ్రువీకరిస్తున్నాను అన్న వాక్యం కింద ఉంది ఆ సంతకం.

విచారణలో ఆ ఇంగ్లీషు కాగితమే చదివారు. స్పానిష్ కాగితం వెనక కుట్టి ఉంది గానీ దాన్ని చదవగలిగేవాళ్లు అక్కడెవరున్నారు? పుస్తకం తీసుకున్నాడని మామ కూడా అంటున్నాడు, నర్సు కూడా అదే అంటోంది. బలవంతం జరిగిందనే మాట ఎక్కడా లేదు. కాగితంలో ఏముందో దాన్నిబట్టే విచారణ చేసిన అధికారి తీర్పు చెప్పాడు. ఆయనను తప్పుపట్టలేను. పొలం మామ సాగులోనే ఉండిపోయింది. ఆ ఏడాది మామ అందులో టమోటా వేశాడు. ఒక గంప మా ఇంటికొచ్చింది. అమ్మ పప్పు చేసింది. నేను తిన్నాను. రుచిగానే ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా రాయడానికి చెయ్యి ఆగుతున్నది ఆ ఒక్క ముక్క దగ్గరే.

సార్‌కు ఒక అలవాటుండేది. ప్రతి శనివారం, ఆ వారం చేసిన అనువాదాల కార్బన్ కాపీలు, అసలు ఉత్తరాలు పక్కపక్కన పెట్టుకుని మొదటి నుంచి చదివేవారు. కొత్త కళ్లద్దాలు వచ్చాక, తప్పిపోయిన వారాలన్నీ కలిపి ఒకేసారి ముందేసుకుని కూర్చున్నారు. నేను నా మిషను దగ్గర ఉన్నాను. పేజీలు తిరగేసే చప్పుడు ఒకచోట ఆగిపోయింది. తర్వాత ఆయన లేచి వచ్చి, తువ్వాలు తీసి, ఒక కొస నా ముందుకు చాచారు. "పట్టుకో" అన్నారు. నా చేతులు ఒళ్లోంచి లేవలేదు. ఆయన ఆ కొసను అలాగే పట్టుకుని నిలబడ్డారు. "ఇచ్చిన మనిషి ఎనకాల పరిగెత్తుతాదా అమ్మణ్ణీ?" అన్నారు. అప్పుడు చెప్పాను, చెంగప్ప మా మామ అని. ఆయన ముఖంలో కోపం రాలేదు. అదొస్తే బతికిపోయేదాన్ని. "ముందే సెప్పుంటే అయిపోయుండు గదా" అన్నారు, అంతే. తువ్వాలు మళ్లీ భుజం మీదికి వెళ్లింది.

ఆయనే మిషను ముందు కూర్చుని, ఆ మూడు వాక్యాలూ మళ్లీ అనువాదం చేసి, మరో కాగితం కూడా ఏదో టైపు చేసి, నాకు చూపించకుండానే మడిచి, మధ్యాహ్నం బస్సుకు కుప్పం వెళ్లారు. నన్ను రమ్మనలేదు. మర్నాడు వచ్చి, "ఆర్డరు అయిపోయింది. ఆయమ్మ పైకి అప్పీలు పోవాల. ఆయమ్మ ఊర్లో లేదు, కూలికి బెంగుళూరు పోయిందంట" అన్నారు. తర్వాత కుర్చీ వేసుకుని ఎక్కి, గుమ్మం మీది బోర్డులో ధ్రువీకరించిన అనే మాట మీద తెల్ల రంగు పూశారు. ఎందుకు సార్ అని అడిగే ముఖం నాకు లేదు.

ఆయన నన్ను పొమ్మనలేదు. మరో నాలుగేళ్లు ఆయన దగ్గరే పని చేశాను. ఇవాళ నేను స్పానిష్ నుంచి అనువాదాలు చేసి బతుకుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. పాఠాలు చెప్పారు, పరిహాసాలు ఆడారు, సంగటి ముద్దలో సగం పెట్టారు. కానీ అంతకు ముందు ఏ కాగితమైనా "నువ్వు సూసినావు గదా" అని సంతకం పెట్టే మనిషి, ఆ తర్వాత నేను చేసిన ప్రతి పేజీ, చివరకు కవరు మీద చిరునామా కూడా, మొదటి అక్షరం నుంచి తనే చదివి చూసుకునేవారు. పైకి ఒక్క మాట అనలేదు. చదివేటప్పుడు ఎదురుగా నేను నిలబడి ఉండాలి, అంతే. తువ్వాలు కొస మళ్లీ నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆయన జ్వరంతో పోయారు. ఆయన తమ్ముడి కొడుకు గది ఖాళీ చేస్తూ, నిఘంటువు, పాత ఫైళ్లు నన్ను తీసుకెళ్లమన్నాడు. తువ్వాలు ఆయనతోనే పోయింది. ఫైళ్లలో ముత్తమ్మది దొరికింది. నా కాపీ ఉంది, దాని కింద ఆయన కాపీ ఉంది. దానికింద, ఆ రోజు నాకు చూపించకుండా మడుచుకున్న కాగితం కాపీ ఉంది. ఇంగ్లీషులో రెండే వాక్యాలు. 'మొదటి అనువాదంలోని తప్పు పూర్తిగా నాది. నా కంటిచూపు సరిగా లేనందువల్ల అది జరిగింది.' కింద ఆయన సంతకం, ఈసారి నిటారుగా ఉంది. ఉత్తరంలో లేని ఒక్క మాట కూడా రాయనన్న మనిషి, జీవితంలో ఒక్క అబద్ధం టైపు చేశారు. అది నా కోసం. ఆ ఖాళీ గదిలో నేల మీద కూర్చుని ఏడ్చాను.

ముత్తమ్మ కుప్పం తిరిగి వచ్చిందని, రైల్వే స్టేషను బయట కాయలు అమ్ముతోందని తెలుసుకోవడానికి ఒక నెల పట్టింది. వెళ్లాను. జుట్టు నెరిసింది. ముందు గంపలో ఉడకబెట్టిన శెనక్కాయలు, మీద తడిగుడ్డ, ఆవిరి. మదనపల్లె మునెప్ప సార్ దగ్గర పనిచేసినదాన్ని అని చెప్పగానే ముఖం వెలిగింది. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కుడి బొటనవేలు ఇంకా వంకరగానే ఉంది. "సారు బాగుండాడా?" అంది. పోయారని చెప్పాను. అయ్యో అంది. "నన్ను ఎతుక్కుంటా బెంగుళూరు దాకా వచ్చినాడమ్మా ఆయప్ప. నాదే తప్పు తల్లీ, నాకు కండ్లు కనపడలేదు అని సేతులు పట్టుకున్యాడు. అప్పీలుకు పోదాం రమ్మన్యాడు. ఇద్దరు బిడ్డల్ని ఆడ ఇడిసిపెట్టి నేను యాడ తిరిగేది? సూపులేని మనిషి ఏం జేస్తాడు, పోనీలే సామీ అని నేనే ఆయప్పకు ధైర్యం చెప్పి పంపించినా" అంది. బెంగుళూరు వెళ్లిన సంగతి ఆయన నాకు ఎన్నడూ చెప్పలేదు.

"ఆయన కాదమ్మా. నేను" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నేను మొత్తం చెప్పాను. తువ్వాలు లాగించుకున్న పాపను నేనేనని, తెలిసే రాశానని, ఆయన చూడలేరని తెలిసే సంతకం పెట్టించానని. ఆమె చేతులు నా చేతి మీద అలాగే ఉన్నాయి. "చెంగప్ప నీకేమవుతాడు?" అని అడిగింది. "మామ" అన్నాను. తల ఊపింది. బ్యాగులోంచి కాగితం తీశాను. సరైన మాటలతో మళ్లీ చేసిన అనువాదం, కింద నా పేరు, నా సంతకం. "దీంతో భూమి వస్తాదా?" అంది. "రాదు. గడువు ఎప్పుడో పోయింది" అన్నాను. "మల్ల దీన్ని యాల తెచ్చినావు?" అంది. కోపంగా కాదు, ఎందుకు తెచ్చానో నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఇద్దరి మధ్యా కాయల ఆవిరి లేస్తోంది. నేను కాగితం చాచి పట్టుకునే ఉన్నాను.

ఆ కాగితం ఆమె ముట్టుకోలేదు. అది నా బల్ల సొరుగులో ఉంది. ఏ అనువాదం మొదలుపెట్టినా ముందు ఆ సొరుగు తెరిచి దాన్ని చూస్తాను. ఎవరైనా ఒక మాటను కాస్త మెత్తగా రాయమంటే, నా వేళ్ల మధ్య తువ్వాలు కదులుతుంది. ఇది సార్ నాకిచ్చిన చదువు అని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ ఆయన ఉచితంగా చెప్పిన పాఠాన్ని నేను ముత్తమ్మ పొలం పోగొట్టి నేర్చుకున్నాను. ఆ రోజు స్టేషను బయట మేమలా ఉండగానే రైలు కూత వినిపించి ప్రయాణికులు గంప చుట్టూ మూగారు. "పోయిరా పాపా" అంటూ ముత్తమ్మ నా చేతి మీది తన చేతులను వెనక్కి తీసుకుంది. లాక్కోలేదు, నెమ్మదిగా తీసుకుంది. నేను ఆనాడు వాంగ్మూలంలో టైపు కొట్టిన 'తీసుకోవడం' అన్న మాటకు సరైన చోటు అదొక్కటే.